మొదలూ చివరా తెగిన క్యాసెట్

హన్మకొండ చౌరస్తా నుంచి కాస్త లోపలికి వెళ్తే మెట్ల కింద ఒక క్యాసెట్ రికార్డింగ్ షాపు ఉండేది. ఒకరు కూర్చుంటే ఇంకొకరు బయట నిలబడాలి, అంతే జాగా. కావలసిన పాటల పేర్లు కాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్ చేతిలో పెట్టి వస్తే రెండ్రోజులకి నింపి ఉంచేవాడు ఆ షాపాయన. 1989లో నేను వరంగల్ ఆర్‌ఈసీ ఇంజనీరింగ్ కాలేజీలో సెకండియర్. నా టీడీకే తొంభై నిమిషాల ఖాళీ క్యాసెట్ ఆయన చేతిలో పెట్టిన రోజు ఇంకా గుర్తుంది, ఎందుకంటే ఆ రోజు నాతోపాటు మా సీనియర్ కూడా కాపలాకి వచ్చాడు.

కాపలా నాకు కాదు, క్యాసెట్లకి. ఆయన అన్నయ్య మద్రాసు బర్మా బజార్‌లో కొని పంపిన రెండు క్యాసెట్ల సెట్టు అది. అట్ట మీద తెల్ల ఇటుకల గోడ తప్ప ఇంకేం లేదు. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ల ఆల్బమ్ 'ది వాల్', అంటే గోడ. విశాఖపట్నం నుంచి వచ్చిన ఆ ఫైనలియర్ మనిషి దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. వినాలంటే ఆయన గదికే వెళ్లాలి, తలుపు దగ్గర చెప్పులు విప్పాలి, పాట మధ్యలో మాట్లాడకూడదు. హాస్టల్లో ఆయన అసలు పేరు అందరూ మర్చిపోయారు. తోటివాళ్లకి 'గోడ', మాకు 'గోడ బాస్'.

"ఇంగ్లీషు పాటలకు ఐదు రూపాయలెక్కువ తమ్మీ," అన్నాడు షాపాయన. "ఎందుకన్నా?" అంటే, "అర్థం గాకుంట కూసొని వినాలె గద," అన్నాడు. న్యాయమే అనిపించింది.

మొదటి క్యాసెట్ డెక్‌లో పెట్టాడు. ఏమీ వినబడలేదు. వాల్యూమ్ పెంచి చూశాడు, కొంచెం ముందుకి తిప్పాడు, గిటార్లు ధన్‌మని పేలిన చోట ఆపి, అక్కడి నుంచి రికార్డింగ్ బటన్ నొక్కాడు. నేను పక్కనే నిలబడి చూశాను. బాస్ అప్పటికి చాయ్ తాగడానికి వెళ్లాడు.

ఆ ఆల్బమ్ మొత్తం 81 నిమిషాలు. తొంభై నిమిషాల టేపులో అటూ ఇటూ కాస్త మిగులుతుంది. ఖాళీ వదిలితే పాపం అనుకున్నాడేమో, రెండో వైపు చివర్లో ఒక ఇళయరాజా పాట ఎక్కించి ఇచ్చాడు. "ఖాళీ ఎందుకు ఇడిసిపెట్టాలె, పైసలిచ్చినవ్ గద."

ఆ క్యాసెట్‌ని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పాటల పుస్తకం లేదు, ఇంటర్నెట్ అనే మాటే లేదు. మాటలు చెవికి అందినంత వరకు నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లం. అందని చోట గీత గీసి వదిలేసేవాళ్లం. గోడ బాస్ చెప్పిన కథ ఒకటే మాకు ఆధారం. పింక్ అనే పాటగాడు ఉంటాడు. తండ్రి యుద్ధంలో పోయాడు, తల్లి కొంగు చాటున పెంచింది, బళ్లో మాస్టారు అవమానించాడు, పెళ్లాం వదిలేసింది. ఒక్కో దెబ్బా ఒక్కో ఇటుక. చివరికి తన చుట్టూ తనే గోడ కట్టుకుని లోపల మిగిలిపోతాడు. "అంతా వాటర్స్ సొంత గొడవేరా," అనేవాడు బాస్. వాటర్స్ అంటే ఆ బ్యాండ్‌లో పాటలు రాసి పాడే రోజర్ వాటర్స్. ఎక్కడ చదివాడో తెలీదు గానీ చాలావరకు నిజమే చెప్పాడు.

అసలు గోడ ఆలోచన ఎక్కడ పుట్టిందో చాలా ఏళ్ల తర్వాత చదివాను. 1977 జులై 6, కెనడాలో మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం. అది వాళ్ల టూర్‌లో చివరి షో. వేలమంది అరుపులు, టపాసులు. ముందు వరసలో ఒక కుర్రాడు స్టేజీ ఎక్కబోతుంటే రోజర్ వాటర్స్ వాడి మొహం మీద ఉమ్మేశాడు. తర్వాత తన మీద తనకే అసహ్యం వేసిందట. జనానికీ తనకూ మధ్య ఒక గోడ ఉంటే ఎలా ఉంటుందన్న ఊహ అక్కడి నుంచి మొదలైంది. 1978లో రెండు కథల డెమోలు తెచ్చి బ్యాండ్ ముందు పెట్టాడు. మిగతావాళ్లు గోడ కథనే ఎంచుకున్నారు. ఎంచుకోడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒక పెట్టుబడి కంపెనీని నమ్మి వీళ్లు బాగా డబ్బు పోగొట్టుకున్నారు. పన్ను బాధ తప్పించుకోవాలంటే ఏడాదిపాటు బ్రిటన్ వదిలి వెళ్లాలి, ఒక పెద్ద ఆల్బమ్ అర్జంటుగా కావాలి. అందుకే దాన్ని ఫ్రాన్స్‌లో కొంత, న్యూయార్క్‌లో కొంత, లాస్ ఏంజెలెస్‌లో కొంత రికార్డ్ చేశారు. ఇంత గొప్ప ఒంటరితనం వెనక ఇన్‌కమ్‌ టాక్స్ ఉందని తెలిసినప్పుడు గోడ బాస్ మొహం చూడాలనిపించింది.

హాస్టల్లో అందరికీ వచ్చిన పాట మాత్రం ఒకటే, బడిపిల్లల పాట 'అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్'. మెస్‌లో ప్లేట్ల మీద స్పూన్లతో దరువేస్తూ పాడేవాళ్లం. "వుయ్ డోంట్ నీడ్ నో ఎడ్యుకేషన్", అంటే "మాకు చదువక్కర్లేదు" అని అరవడానికి ఇంజనీరింగ్ కాలేజీ మెస్‌ని మించిన చోటు ఏముంటుంది? మా ఇంగ్లీష్ లెక్చరర్ ఒకసారి విని నవ్వి, "రెండు నెగటివ్‌లు పెట్టారు కదరా, అంటే చదువు కావాలనేగా," అన్నారు. ఆ లెక్కన ఆ పిల్లలకి చదువు నిజంగానే కావాలి.

ఆ పాట మొదట ఒక్క చరణం, ఒక్క పల్లవి మాత్రమే. నిమిషమున్నర కూడా లేదు. నిర్మాత బాబ్ ఎజ్రిన్ దాన్ని సింగిల్‌గా తెద్దామన్నాడు. డిస్కో దరువు వేద్దామని, క్లబ్బులకి వెళ్లి ఆ దరువు విని రమ్మని గిటారిస్ట్ డేవిడ్ గిల్మోర్‌ని పంపాడు కూడా. గిల్మోర్ వెళ్లి విని వచ్చి, తనకి నచ్చలేదన్నాడు. అయినా వాయించాడు. సింగిల్ చెయ్యబోమని బ్యాండ్ పట్టుబడితే ఎజ్రిన్ ఊరుకోలేదు. ఉన్న చరణాన్నే కాపీ చేసి పక్కన అతికించాడు. మరి రెండో చరణం కూడా అదే గొంతుతో వస్తే బాగోదు కదా. అప్పుడు పిల్లల గొంతులు పెడదామన్నాడు.

లండన్‌లో వాళ్ల సొంత స్టుడియో బ్రిటానియా రోలో ఉండేది. అక్కడికి దగ్గర్లోనే ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూల్. సౌండ్ ఇంజనీర్ నిక్ గ్రిఫిత్స్ వెళ్లి అక్కడి సంగీతం మాస్టార్ని అడిగాడు. 23 మంది పిల్లలు క్లాసు వదిలి వచ్చి పాడారు. ఆ గొంతుల మీద గొంతులు మళ్లీ మళ్లీ రికార్డ్ చేస్తే పెద్ద గుంపు పాడినట్టయింది. బ్యాండ్ అప్పుడు అమెరికాలో ఉంది, టేపు అక్కడికి పంపారు. 1979 నవంబర్ 30న ఆల్బమ్ వచ్చింది, ఆ ఏడాది క్రిస్మస్‌కి బ్రిటన్‌లో ఈ పాటే నంబర్ వన్. పిల్లల్ని టీవీలో కనిపించనివ్వడానికి వాళ్ల హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకోలేదు. బడికి వెయ్యి పౌండ్లు ఇచ్చారు. పిల్లలు పెద్దవాళ్లై, తమ వాటా రాయల్టీ కోసం అడిగారన్న వార్త 2004లో పేపర్లో చూశాను. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి పాడిన పాటకి నలభై ఏళ్ల వయసులో డబ్బు అడగడం, ఎందుకో తప్పనిపించలేదు. ఆ పాట 1980లో దక్షిణాఫ్రికాలో బడులు బహిష్కరించిన పిల్లల నినాదమైంది. అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది.

నాకు మాత్రం ఆ పాట వింటే గోడకుర్చీ గుర్తొచ్చేది. తెనాలి పక్కన మా ఊరి బళ్లో ఎక్కాలు తప్పు చెప్తే గోడకి వీపు ఆనించి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోమనేవారు. మోకాళ్లు వణికేవి. గోడ అంటే నా మటుకు మొదట అదే. ఆ సంగతి బాస్‌కి చెప్తే ఆయన చాలాసేపు నవ్వి, "ఈ మాట వాటర్స్‌కి తెలిస్తే ఇంకో పాట రాసేవాడు," అన్నాడు.

ఇంకొక పాట చివర టెలిఫోన్ ఆపరేటర్ గొంతు వస్తుంది. అమెరికా నుంచి పింక్ లండన్‌లో భార్యకి కలెక్ట్ కాల్ చేస్తాడు. అటువైపు మగగొంతు పలుకుతుంది, పెట్టేస్తుంది. ఆపరేటరమ్మ అయోమయంగా మళ్లీ కలుపుతుంది. నటించింది ఎవరో గానీ ఎంత బాగా చేసిందో అని మేం తెగ మెచ్చుకునేవాళ్లం. ఆమె నటి కాదు. నిజమైన ఆపరేటర్. సహనిర్మాత జేమ్స్ గథ్రీ తన పొరుగింటాయన్ని లండన్‌లో ఫోన్ దగ్గర కూర్చోబెట్టి, ఎత్తి పెట్టెయ్యమని చెప్పాడు. అలా అసలు కాల్ బుక్ చేసి టేపు తిప్పాడు. పాపం ఆవిడకి ఆ సంగతేం తెలీదు. తన గొంతు కోట్లమంది వింటారని ఏ ఉద్యోగి అనుకుంటుంది?

ఆ క్యాసెట్ చేయించుకున్న సంవత్సరమే నాకు మలేరియా వచ్చింది. ఒళ్లు కాలిపోతున్న రాత్రి, మా రూమ్మేట్ తడిగుడ్డ వేస్తూ టేప్‌రికార్డర్ పెట్టాడు. 'కంఫర్టబ్లీ నమ్' వచ్చింది. చిన్నప్పుడు జ్వరమొస్తే చేతులు బెలూన్లలా ఉబ్బినట్టనిపించేదని అందులో ఒక మాట ఉంటుంది. ఆ రాత్రి దానికి డిక్షనరీ అక్కర్లేకపోయింది. 1977లో ఫిలడెల్ఫియాలో కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న వాటర్స్‌కి డాక్టరు ఏదో ఇంజెక్షన్ పొడిచి స్టేజీ ఎక్కించాడు. మొద్దుబారిన చేతులతోనే షో మొత్తం నెట్టుకొచ్చాడు. ఆ పాటలో మాటలు అక్కడివి. ట్యూన్ గిల్మోర్‌ది, తన సొంత ఆల్బమ్ కోసం చేసుకుని వాడకుండా పక్కనపెట్టింది. ఆర్కెస్ట్రా ఎంత ఉండాలన్న దాని మీద ఇద్దరూ ఘోరంగా కొట్టుకున్నారు. ఒకరినొకరు భరించలేని ఇద్దరు కలిసి చేసిన పాట అది. వింటుంటే మాత్రం అలా అనిపించదు.

ఈ ఆల్బమ్‌ని సినిమాగా కూడా తీశారని మాకు 1990లో తెలిసింది. గోడ బాస్ వెళ్లిపోయే ముందు, ఎక్కడో హైదరాబాద్‌లో వీడియో క్యాసెట్ దొరికిందని చెప్పి తెచ్చాడు. తలా పది రూపాయలు వేసుకుని కలర్ టీవీ, వీసీపీ అద్దెకి తెచ్చి కామన్ రూమ్‌లో పెట్టాం. ముందు చిరంజీవి సినిమా, తర్వాత ఇది. చిరంజీవి సినిమాకి నూట యాభై మంది. దీనికి మిగిలింది ముప్ఫై. అందులో పది మంది నిద్రపోతున్నారు కాబట్టి మిగిలారు.

సినిమా మొదలవగానే గొడవ. హోటల్ వరండా, ఎవరో గది ఊడుస్తున్న యంత్రం చప్పుడు, దాని మీద ఏదో పాత కాలపు ఆడగొంతు, క్రిస్మస్ తాత మర్చిపోయిన పిల్లాడి గురించి తియ్యటి పాట. "ఇది వేరే క్యాసెట్! వీడియోవాడు మోసం చేశాడు!" అని వెనకనుంచి అరుపులు. బాస్ కూడా కంగారుపడ్డాడు. మోసం ఏమీ లేదు. అది వెరా లిన్ పాట. యుద్ధకాలంలో బ్రిటన్ సైనికులు గుండెకి హత్తుకున్న గాయని ఆవిడ. ఆల్బమ్‌లో 'వెరా' అనే పాట ఉంది కదా, ఆ వెరా ఎవరో ఏడాదిగా మాలో ఎవరికీ తెలీదు. పింక్ పాత ప్రేయసి అని ఒక వర్గం, వాటర్స్ అమ్మ అని ఒక వర్గం.

తర్వాత మా కోపం షాపాయన మీదకి మళ్లింది. సినిమాలో తండ్రి యుద్ధంలో చచ్చిపోయే చోట ఒక పాట వస్తుంది. బరువైన కోరస్, మంచు పొగ, కందకాలు. ఆ పాట నా క్యాసెట్‌లో లేదు! అర్థంకాని పాటని కోసేశాడు చూడు, ఐదు రూపాయలు ఎక్కువ తీసుకుని మరీ, అనుకున్నాను. బాస్ తన క్యాసెట్లు తిరగేసి చూస్తే వాటిల్లో కూడా లేదు. 'వెన్ ద టైగర్స్ బ్రోక్ ఫ్రీ' అన్న ఆ పాట ఆల్బమ్‌లో లేనే లేదు, సినిమాతోపాటు 1982లోనే బయటికొచ్చింది.

ఇక 'హే యూ' కోసం కాచుకు కూర్చున్నాం. రాలేదు. ఈసారి వీడియోవాడిని తిట్టాం, టేపు ఆదా కోసం కోసేశాడని. అదీ తప్పే. ఆ పాట షూటింగ్ చేశారు కూడా, చివరికి ఎడిటింగ్‌లో తీసేశారు. ఆ పాటకి ఆల్బమ్‌లోనూ తిన్నగా చోటు దొరకలేదు. ఆఖరి నిమిషంలో మూడో సైడ్ మొదటికి మార్చారు, అప్పటికే పాటల మాటలు ఎల్పీ అట్టల మీద వేరే వరసలో అచ్చయిపోయాయి. మేం తిట్టిన తిట్లన్నీ అసలు పడాల్సింది లండన్‌లో. పడింది మాత్రం హన్మకొండ, హైదరాబాద్ షాపులవాళ్ల మీద.

సినిమా తీసినవాళ్లు కూడా తక్కువేం తిట్టుకోలేదు. ఆల్బమ్ వచ్చాక చేసిన 31 షోల్లో స్టేజీ మీద నిజంగానే అట్టపెట్టెల ఇటుకలతో, నలభై అడుగుల గోడ కట్టి, చివర్లో పడగొట్టేవాళ్లు. ఆ షోలనే షూట్ చేసి, మధ్యలో కార్టూనిస్ట్ జెరాల్డ్ స్కార్ఫ్ బొమ్మలు కలిపి సినిమా చేద్దామన్నది మొదటి ఆలోచన. హీరో వాటర్సే. 1981 జూన్‌లో లండన్ ఎర్ల్స్ కోర్ట్‌లో ఐదు రాత్రులు షూట్ చేశారు. ఫుటేజీ పనికిరాలేదు. దర్శకుల్లో ఒకడుగా అనుకున్న కెమెరామన్ మైకేల్ సెరెసిన్ వెళ్లిపోయాడు, నిర్మాతగా ఉందామని వచ్చిన అలన్ పార్కర్ దర్శకుడయ్యాడు. ఇక ముగ్గురు మిగిలారు: రాసిన వాటర్స్, బొమ్మలు గీసిన స్కార్ఫ్, తీస్తున్న పార్కర్. ముగ్గురూ తమ మాటే నెగ్గాలనేవాళ్లే. పొద్దున్న తొమ్మిదింటికి పైన్‌వుడ్ స్టుడియోకి కారులో వెళ్తూ పక్కసీట్లో విస్కీ సీసా పెట్టుకునేవాణ్ణని స్కార్ఫ్ తర్వాత చెప్పుకున్నాడు. షూటింగ్ జరగాలంటే వాటర్స్ కొన్ని వారాలు సెలవు మీద వెళ్లాల్సి వచ్చింది. మన దగ్గర కూడా రచయితని ఊటీ పంపేసి సినిమా తీసిన కథలు వింటాం కదా, అలాగే.

హీరోగా వచ్చిన బాబ్ గెల్డాఫ్ ఇంకో బ్యాండ్ పాటగాడు. పింక్ ఫ్లాయిడ్ అంటే అతనికి ఒళ్లుమంట. వాటర్స్ చెప్పే ఒక ముచ్చట ఉంది. గెల్డాఫ్ తన మేనేజర్‌తో ట్యాక్సీలో ఎయిర్‌పోర్టుకి వెళ్తూ, ఈ సినిమా నేను చెయ్యను, వాళ్ల పాటలంటేనే నాకు పడదు అని దారిపొడుగునా తిట్టాడట. ట్యాక్సీ నడుపుతున్నది వాటర్స్ అన్నయ్య. ఇది ఎంతవరకు నిజమో గానీ, నిజం కాకపోయినా వదులుకోలేని కథ.

చేశాక మాత్రం గెల్డాఫ్ ప్రాణం పెట్టి చేశాడు. హోటల్ గది బద్దలుకొట్టే సీన్‌లో కిటికీ బ్లైండ్ పీకుతుంటే చెయ్యి నిజంగా తెగింది, పార్కర్ కెమెరా ఆపలేదు. తెరమీద కనిపించే ఆ రక్తం అతనిదే. ఈత రానివాణ్ణి స్విమ్మింగ్ పూల్‌లో తేల్చారు. కనుబొమ్మలు గీసుకునే సీన్ చూసి మా కామన్ రూమ్‌లో ఒకడు లేచి వెళ్లిపోయాడు. అది వాటర్స్ కల్పన కాదు. బ్యాండ్ మొదలైన రోజుల్లో వాళ్ల నాయకుడు సిడ్ బారెట్. మతి చెదిరి దూరమయ్యాడు. 1975 జూన్‌లో వీళ్లు ఆబీ రోడ్ స్టుడియోలో పని చేసుకుంటుంటే గుండుతో, కనుబొమ్మలు లేకుండా, లావెక్కిన ఒక మనిషి వచ్చి కూర్చున్నాడు. ఎవరో పోల్చుకోడానికి పాత స్నేహితులకి చాలాసేపు పట్టింది. అతను బారెట్. అప్పటికి వాళ్లు చేస్తున్న పాట కూడా అతని గురించే.

బళ్లో మాస్టారు పిల్లాడి నోట్‌బుక్ లాక్కుని, అందులో కవిత్వం చదివి క్లాసంతా నవ్వించే సీన్ ఉంది. ఆయన చదివే ఆ పనికిరాని కవిత్వం పింక్ ఫ్లాయిడ్ వాళ్ల సూపర్ హిట్ పాట 'మనీ'లోదే. ముప్ఫై మందిలో ఈ జోకు పట్టుకున్నది బాస్ ఒక్కడే. చీకట్లో ఒక్కడే పకపకా నవ్వాడు.

ఆ తర్వాత సుత్తులు. రెండు సుత్తులు అడ్డంగా పెట్టిన జెండాలు, కవాతు చేసే సుత్తుల కార్టూన్. వరంగల్‌లో ఆ రోజుల్లో సుత్తి కనిపిస్తే కళ్లు పక్కన కొడవలి కోసం వెతికేవి. మా వింగ్‌లో రాడికల్ పాటలు పాడే ఒకతను అప్పటిదాకా ఆసక్తి లేకుండా కూర్చున్నవాడు లేచి ముందుకొచ్చాడు. కాసేపు చూసి, "ఇది మనది కాదు, వీళ్లు ఫాసిస్టులు," అని తీర్పిచ్చి మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మత్తులో పింక్ తనని తాను నియంతగా ఊహించుకునే సీన్ అది. గుంపులో ఉన్నది లండన్ పక్కనున్న టిల్బరీ అనే ఊరి నుంచి తెచ్చిన అసలు సిసలు స్కిన్‌హెడ్ కుర్రాళ్లు, అంటే గుండు గీసుకుని ముఠాగా తిరిగేవాళ్లు. వాళ్లని కట్ అన్నాక కూడా ఆపడం కష్టమయ్యేదట. ఎగతాళికి గీసిన ఆ సుత్తుల గుర్తునే తర్వాత అమెరికాలో ఒక నియో-నాజీ ముఠా తమ గుర్తుగా పెట్టేసుకుంది. స్కార్ఫ్‌కి ఇంతకన్నా చేదు ఏముంటుంది?

సినిమా అయ్యాక లైట్లేస్తే వెనకనుంచి ఎవరో, "సుత్తి సినిమా అని ముందే చెప్పొచ్చుగా బాస్," అన్నాడు. ఆ ఏడాదంతా హాస్టల్లో ఆ మాట చెల్లింది.

బాస్ వెళ్లిపోయాడు. నేనూ ఉద్యోగంలో పడ్డాను. 2002 ఏప్రిల్‌లో వాటర్స్ బెంగుళూరు వస్తున్నాడని తెలిసి హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కాను. ప్యాలెస్ గ్రౌండ్స్ నిండా నాలాంటివాళ్లే, ముప్ఫైకి అటూఇటూ, పొట్టలొచ్చి, పాత టీషర్టులు బిగుతుగా. మొదటి పాటే 'ఇన్ ద ఫ్లెష్'. ధన్‌మని గిటార్లు పేలగానే నాకు స్టేజీ కనబడలేదు, మెట్ల కింద షాపాయన రికార్డింగ్ బటన్ నొక్కుతున్న వేలు కనబడింది.

కీబోర్డ్ వాయించే రిచర్డ్ రైట్ అక్కడ లేడు. ఉండే అవకాశమూ లేదు. 'ది వాల్' తయారవుతుండగానే వాటర్స్ అతన్ని బ్యాండ్ నుంచి పంపించేశాడు. తర్వాత ఆ షోలకి మాత్రం జీతానికి పిలిచారు. ఆ గోడ కట్టి పడగొట్టే షోలకి ఖర్చు తడిసి మోపెడై, ముగ్గురు యజమానులూ నష్టపోయారు. లాభపడ్డది జీతగాడైన రైట్ ఒక్కడే. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు చెప్పలేనంత తృప్తి.

2005 జులై 2న లండన్ హైడ్ పార్క్‌లో నలుగురూ మళ్లీ ఒకే స్టేజీ మీద నిలబడ్డారు. 1981 తర్వాత అదే మొదటిసారి, అదే చివరిసారి కూడా అయింది. పంతాలు పక్కనపెట్టి రమ్మని బతిమాలింది ఎవరనుకున్నారు? ఆ కార్యక్రమం పెట్టిన బాబ్ గెల్డాఫే. ట్యాక్సీలో తిట్టినాయన. టీవీ ముందు అర్ధరాత్రి దాటాక కూడా కూర్చున్నాను. చివరి పాట 'కంఫర్టబ్లీ నమ్'.

ఆ వారమే సీడీ కొన్నాను. అప్పటికి పదహారేళ్లు విన్న ఆల్బమ్‌ని మొదటిసారి మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదట్నించీ విన్నాను. గిటార్లు పేలకముందు ఏదో సన్నటి ట్యూన్. దాని మీద లోగొంతుకతో ఒక మగమనిషి మాట, "...మనం లోపలికొచ్చింది?" అని సగంలో మొదలైన ప్రశ్న. ఇదేమిటి, నా క్యాసెట్‌లో ఇది లేదే! చివరికి వెళ్లి విన్నాను. ఆఖరి పాట వెనక అదే ట్యూన్, అదే గొంతు, "ఇక్కడే కదా..." అని సగంలో ఆగిపోయింది. చివరి సగాన్ని తీసుకెళ్లి మొదటి సగానికి అతికిస్తే ఒక వాక్యం. గోడ కూలాక కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇన్నేళ్లూ నేను విన్నది మొదలూ చివరా తెగిపోయిన వాక్యం.

అంటే షాపాయన నిజంగా కోసింది ఇదే. లేని పాటకి ఆయన్ని తిట్టాను, ఉన్న మాట కోసేస్తుంటే పక్కనే నిలబడి చూశాను.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతీ తెలిసింది. 'ఎంప్టీ స్పేసెస్' పాటని వెనక్కి తిప్పితే రహస్య సందేశం కనిపెట్టినందుకు అభినందనలు చెప్పి, జవాబు ఫలానా పిచ్చాసుపత్రికి పంపమంటారు. అంతలో ఎవరో "రోజర్, కరొలిన్ ఫోన్‌లో ఉంది" అంటారు. వాటర్స్ అప్పటి భార్య ఆవిడ. క్యాసెట్‌ని వెనక్కి తిప్పి వినొచ్చని తెలిసుంటే మా హాస్టల్లో ఒక్క టేప్‌రికార్డర్ కూడా బతికేది కాదు.

వాటర్స్ తండ్రి సంగతి మాత్రం చివరిదాకా మారలేదు. ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్, ఇటలీలో ఆన్జియో దగ్గర 1944 ఫిబ్రవరి 18న పోయాడు. కొడుక్కి అప్పటికి ఐదు నెలలు. శవం దొరకలేదు. సినిమాలో పిల్లాడు సొరుగులో రాజముద్ర ఉన్న సంతాప పత్రాన్ని చూస్తాడు, నాన్న యూనిఫాం వేసుకుని అద్దంలో చూసుకుంటాడు. అదే యుద్ధంలో పోరాడిన ఒక వృద్ధ సైనికుడు కాగితాలు తిరగేసి, ఆయన పోయిన చోటు కనిపెట్టాడు. సరిగ్గా డెబ్భై ఏళ్లకి, 2014లో అదే తేదీన, డెబ్భయ్యేళ్ల కొడుకు అక్కడికి వెళ్లి నిలబడ్డాడు. ఆ ఫొటో చూశాక ఆ టైగర్స్ పాటని చాలాకాలం పెట్టలేదు.

మొన్న సంక్రాంతికి గోడ బాస్ న్యూజెర్సీ నుంచి ఫోన్ చేశాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాను.

"బాస్, మన 'వాల్' మొదట్లో రెండు మాటలున్నాయి, మీకు తెలుసా?"

"తెలుసు. నా దాంట్లో ఉన్నాయిగా. నీ దాంట్లో లేవా?"

"లేవు. షాపాయన కోసేశాడు. మీరు చాయ్‌కి వెళ్లారు."

కాసేపు అటువైపు చప్పుడు లేదు. "మరి నీ దాంట్లో చివర ఇళయరాజా పాట ఉండేది. నా దాంట్లో అది లేదు. దానికోసమే నీ క్యాసెట్ అడిగి పట్టుకెళ్లేవాణ్ణి, నువ్వు వాల్ కోసమనుకునేవాడివి."

ఇప్పుడు ఫోన్‌లో ఆల్బమ్ అయిపోగానే మళ్లీ మొదలయ్యేలా పెట్టుకుంటాను. ఆ సగం మాట ఈ సగం మాటకి చక్కగా అతుక్కుంటుంది. అయినా ఆఖరి పాట దగ్గరపడేసరికి నా చెవి వయొలిన్ల కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది.